బటన్ నొక్కితే ఎవరు పలుకుతారు?

స్త్రీలు రోడ్డు మీదికి రావడం మన సమాజంలో ఎన్నడూ మామూలు విషయం కాలేదు. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తావు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా గడప దాటగలిగే ఆడవాళ్ళు ఎంతమంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటికి, ఈ మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకునే స్త్రీలు దేశంలో నూటికి 42 మందే. మిగతావాళ్ళు ఎక్కడో ఒకచోట అనుమతి కోసం ఆగవలసిందే. ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలకూ మనం నోరు విప్పకుండానే మనం ఎక్కిన బండి జవాబు చెప్పే రోజులొచ్చాయి. ఇదంతా మన రక్షణ కోసమే అంటున్నారు. ఎవరి నుంచి రక్షణ, ఎవరి చేతిలో రక్షణ అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

వాహనాల్లో వైర్‌లెస్ పరికరాలంటే అదేదో ఇంజనీర్ల వ్యవహారమని మన సంఘాల్లో చాలామంది పక్కన పెడుతున్నారు. నిజానికి విషయం అంత కష్టమైనది కాదు. ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మొదటిది, బస్సుల్లో, టాక్సీల్లో పెట్టే జీపీఎస్ పరికరం, దానికి కలిపిన పానిక్ బటన్. ఉపగ్రహాల సాయంతో బండి ఎక్కడుందో కనిపెట్టి, లోపలి సిమ్ కార్డు ద్వారా ఎప్పటికప్పుడు సర్వర్‌కు పంపుతుంది. బటన్ నొక్కితే ఆపద కబురు పోతుంది. రెండవది, కార్ల అద్దానికి అతికించే ఫాస్టాగ్. టోల్ గేటు దగ్గరి యంత్రం రేడియో తరంగాలతో దాన్ని చదివి ఖాతాలోంచి డబ్బు తీసుకుంటుంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఇది తప్పనిసరి. మూడవది, వాహనాలు తమలో తాము, రోడ్డు పక్కన అమర్చిన పరికరాలతోనూ మాట్లాడుకునే పద్ధతి. ఒక్కో బండి తానెక్కడుందో, ఎంత వేగంతో ఎటు పోతోందో సెకనుకు పదిసార్లు చుట్టూ కొన్ని వందల మీటర్ల మేర ప్రకటిస్తుంది. మలుపు అవతల కనిపించని లారీ గురించి డ్రైవరుకు ముందే హెచ్చరిక అందుతుంది. అమెరికాలో దీనికోసం 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 75 మెగాహెర్ట్జ్ కేటాయించారు. ఇరవై ఏళ్ళు గడిచాక, 2020లో, అందులో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫైకి మళ్ళించారు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజల ఆస్తిని ఎవరికి, ఎందుకు ఇవ్వాలన్నది ఇంజనీర్లు మాత్రమే తేల్చే ప్రశ్న కాదు. ప్రజల్లో సగమైన మనకు అందులో మాట ఉండాలి.

ముందుగా పానిక్ బటన్ సంగతి చూద్దాం. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో కదిలే బస్సులో జరిగిన దారుణం తర్వాత దేశమంతా వీధుల్లోకి వచ్చింది. 2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి ప్రకటించారు. 2016 నవంబరు 28న కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనల్లో కొత్త నిబంధన చేర్చింది. ప్రజల్ని ఎక్కించుకుని తిరిగే వాహనాల్లో స్థానం తెలిపే పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలన్నది దాని సారాంశం. వాయిదాలు పడి చివరికి 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే వాహనాలకు వర్తింపజేశారు. పాతవాటి సంగతి రాష్ట్రాలకు వదిలేశారు.

ఆ నిబంధనలోనే ఒక మినహాయింపు ఉంది. మూడు చక్రాల వాహనాలకు, ఈ-రిక్షాలకు అది వర్తించదు. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ఎక్కేది ఏమిటి? షేర్ ఆటో. కూలికి పోయేది ఆటోలో, సంతకు పోయేది ఆటోలో, కాన్పుకు పోయేదీ చాలాసార్లు ఆటోలోనే. అంటే స్త్రీల పేరు మీద చేసిన నిబంధన అధికశాతం స్త్రీలు ఎక్కే బండిని వదిలేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నవంబరులో ‘అభయం’ పేరుతో ఆటోల్లో కూడా ఇలాంటి పరికరాలు పెట్టే పథకాన్ని విశాఖలో మొదలుపెట్టింది. ఆలోచన మంచిదే. కానీ ప్రారంభోత్సవం రోజు ఎన్ని ఆటోలకు బిగించారన్న లెక్క కన్నా, ఇవాళ అందులో ఎన్ని పనిచేస్తున్నాయి, నొక్కితే ఎవరైనా వచ్చారా అన్న లెక్క మనకు ముఖ్యం.

ఈ పరికరానికి ఒక లక్షణముంది. నెట్‌వర్క్ లేనిచోట తన వివరాలను లోపలే దాచుకుని, సిగ్నల్ దొరకగానే పంపుతుంది. విచారణ చేసే పోలీసు అధికారికి అది ఉపయోగమే, బండి ఏ దారిన పోయిందో తర్వాత తెలుస్తుంది. ఆ క్షణంలో బటన్ నొక్కిన మనిషికి మాత్రం తర్వాత అందే కబురు వల్ల ఏం లాభం? అడవి దారిలో, ఘాట్ రోడ్డులో, సిగ్నల్ అందని తండా దారిలో ప్రయాణించే స్త్రీకి ఈ రక్షణ ఎంత దక్కుతుందో ఎవరు చెబుతారు? సిగ్నల్ ఉన్నా, కబురు చేరిన గదిలో ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి. ఆ మనిషి దగ్గర స్టేషన్ నంబరు ఉండాలి. స్టేషన్‌లో జీపు ఉండాలి, జీపులో డీజిల్ ఉండాలి. ఫిర్యాదు చెప్పబోతే ‘ఆ టైములో నువ్వెందుకు బయటికొచ్చావు’ అని అడగని పోలీసు ఉండాలి. బటన్ ఖరీదులో వీటిలో ఏదీ కలిసి రాదు.

2012 నాటి ఆ బస్సు విషయం కూడా గుర్తుచేసుకోవాలి. అది రోడ్డు మీద ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి లేని ప్రైవేటు బస్సు. నల్ల అద్దాలు, లోపల పరదాలు. రాజధాని నగరంలో ప్రధాన రోడ్ల మీదే అది తిరిగింది. ఆ రాత్రి లోపించింది టెక్నాలజీ కాదు, పర్మిట్ చూడవలసినవాళ్ళు చూడకపోవడం, రాత్రివేళ సరిపడా ప్రభుత్వ బస్సులు లేకపోవడం. ఆ తర్వాత అదే ఢిల్లీలో బస్సుల్లో మార్షళ్ళను నియమించారు. 2023 నవంబరులో సుమారు పదివేల మంది మార్షళ్ళను తొలగించారు. మన రాష్ట్రాల్లోనూ కండక్టరు లేకుండా డ్రైవరే టికెట్లిచ్చే సర్వీసులు ఉన్నాయి. బస్సులో కండక్టరు అంటే టికెట్లు చింపే మనిషి మాత్రమే కాదు. తాగినవాణ్ణి దింపేది, మీద పడేవాణ్ణి గదమాయించేది, చీకట్లో దిగే పిల్ల కోసం రెండు నిమిషాలు బండి ఆపించేది కండక్టరే. మనిషిని తీసేసి, ఆ స్థానంలో బటన్ పెట్టి, దాన్ని స్త్రీల భద్రత అంటే మనం ఒప్పుకోకూడదు. రెండూ ఉండాలి.

ఇక ప్రమాదాలు తగ్గించే వాహనాల మాట. బండి బండితో మాట్లాడితే గుద్దుకోవడాలు తగ్గుతాయి, ప్రాణాలు నిలుస్తాయి. దీన్ని కాదనడానికి లేదు. కానీ మన ఆడవాళ్ళు ఎలా చనిపోతున్నారు? 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. అదే ఏడాది సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లాలో పొలం పనికి వెళుతున్న ఆటో మీద కరెంటు తీగ పడి ఐదుగురు కూలి స్త్రీలు కాలిపోయారు. మనుషులెక్కకూడని ట్రాక్టరు తొట్టిలో కూర్చోవలసి రావడానికి, పట్టగలిగినదానికి రెట్టింపు మంది ఒక్క బస్సులో ఎక్కవలసి రావడానికి ఏ రేడియో తరంగమూ మందు కాదు. కూలీలకు సరైన వాహనం, పల్లెకు రెండో బస్సు ఇవ్వడానికి డబ్బు లేదనే ప్రభుత్వాలు ‘స్మార్ట్’ రహదారుల గురించి మాట్లాడినప్పుడు, ఆ రహదారి మీద మా ఊరి ట్రాక్టరు లెక్కలోకి వస్తుందా అని అడగడం మన బాధ్యత.

ఇప్పటిదాకా చెప్పింది కబురు చేరవలసినచోటికి చేరకపోవడం గురించి. చేరకూడనిచోటికి చేరడం ఇంకా పెద్ద ప్రమాదం. ఫాస్టాగ్ ఉన్న కారు టోల్ గేటు దాటగానే రిజిస్టరు చేసిన నంబరుకు మెసేజ్ వెళుతుంది. కారు భార్య నడుపుతున్నా ఆ నంబరు ఎవరిది? చాలా ఇళ్ళలో భర్తది. దెబ్బలు తిని పుట్టింటికో, స్నేహితురాలి ఇంటికో బయలుదేరిన మనిషి ఏ దారిన, ఎన్ని గంటలకు పోయిందో గేటు గేటుకూ అతనికి తెలుస్తుంది. ఈమధ్య వస్తున్న కొన్ని స్కూటర్లకు యాప్ ఉంది. బండి ఎక్కడుందో చూపిస్తుంది, పెట్టిన హద్దు దాటితే ఫోనుకు కబురు పంపుతుంది. దొంగల కోసం పెట్టిన ఈ సౌకర్యం అనుమానపు భర్త చేతిలో, కులం తప్పి ప్రేమించిన కూతుర్ని వెతికే తండ్రి చేతిలో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దేశంలో నూటికి 54 మందేనని ఇందాకటి సర్వేయే చెప్పింది. ఫోనే చేతిలో లేని మనిషికి బండి యాప్ పాస్‌వర్డ్ చేతిలో ఉంటుందా?

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. ఇంటర్నెట్‌కు కలిపిన కార్ల ద్వారా విడిపోయిన భార్యల్ని భర్తలు వెంటాడుతున్న సంగతి అమెరికాలో పత్రికలకెక్కింది. 2024 జనవరిలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కార్ల కంపెనీలకు లేఖలు రాసి, బాధిత స్త్రీల కోసం మీరు ఏం చేస్తున్నారని అడిగింది. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. గృహహింసకు గురైన మనిషి తగిన ఆధారంతో కోరితే, హింసించేవాడికి ఆ కారు మీద దూరం నుంచి ఉన్న అధికారాన్ని కంపెనీ రెండు పనిదినాల్లో తెంచెయ్యాలి.

మన చట్టం ఎక్కడుంది? భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వెంటాడటాన్ని నేరం అంటోంది. వద్దంటున్నా వెంటపడి మాట కలపడం, స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సమాచార సాధనాల వాడకాన్ని గమనించడం అందులో ఉన్నాయి. ఆమె నడిపే బండిని గమనించడం గురించి స్పష్టంగా ఒక్క మాట లేదు. బండి నాది, నా బండి ఎక్కడుందో నేను చూసుకున్నాను అని అతను వాదిస్తాడు. ఆ వాదనకు చోటు లేకుండా చట్టాన్ని సవరించాలని మనం అడగాలి. ఈలోగా 2005 గృహహింస చట్టం మన చేతిలో ఉంది. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, ఏ విధంగానైనా సంబంధం పెట్టుకోవద్దని, ఉత్తర్వులో పేర్కొన్న ఇతర పనులేవీ చెయ్యవద్దని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. బండి యాప్‌లో చూడటం, ఫాస్టాగ్ మెసేజ్‌లు అందుకోవడం, ట్రాకర్ అమర్చడం, వీటిని పేరు పేరునా నిషేధించమని పిటిషన్‌లో రాయడం మన లాయర్లు అలవాటు చేసుకోవాలి.

ఇంటి మగవాడి తర్వాత పెద్ద చూపు ప్రభుత్వానిది, కంపెనీలది. వాహనాల రిజిస్ట్రేషన్లు, డ్రైవింగ్ లైసెన్సుల వివరాలను కేంద్ర రవాణా శాఖ ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది. దానివల్ల 65 కోట్ల రూపాయలు వచ్చాయని 2019 జులైలో పార్లమెంటులోనే చెప్పారు. దుర్వినియోగం భయంతో 2020లో ఆ విధానాన్ని ఎత్తేశారు. అప్పటికే ఇచ్చిన వివరాలు వెనక్కి వస్తాయా? అమెరికాలో 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జనరల్ మోటార్స్ కంపెనీపై చర్యకు దిగింది. కారు నడిపేవాళ్ళు ఎక్కడ తిరిగారు, ఎలా నడిపారన్న వివరాలను సరైన సమ్మతి లేకుండా సేకరించి అమ్మిందన్నది ఆరోపణ. మన దేశంలో వ్యక్తిగత జీవితపు గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కానీ 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం, తన సంస్థలకు దాని నుంచి మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. రాత్రి మీటింగుకు వెళ్ళే కార్యకర్త, సఖి కేంద్రానికి వెళ్ళే బాధితురాలు, గర్భస్రావం కోసం పక్క జిల్లా ఆసుపత్రికి వెళ్ళే అమ్మాయి, వీళ్ళ ప్రయాణాలన్నీ ఒక సర్వర్‌లో పడి ఉంటే, దాన్ని ఎవరు తెరుస్తున్నారో మనకెలా తెలుస్తుంది?

‘ప్రాణం పోతుంటే గోప్యత గురించి మాట్లాడతారా’ అని కొందరు మనవాళ్ళే అడుగుతున్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకూడదు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా క్యాబ్ ఎక్కే మనిషికి ఆ పరికరం ఎంతో కొంత ధైర్యం. దాన్ని తీసెయ్యమని మనం అనడం లేదు. ప్రాణమా, గోప్యతా అని మనల్ని ఎంచుకోమనడమే తప్పు. రెండూ కలిసి సాధ్యమేనని టెక్నాలజీయే రుజువు చేసింది. ఐరోపా యూనియన్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త రకం కార్లన్నిటిలో ‘ఈ-కాల్’ పరికరం తప్పనిసరి. అది మామూలు రోజుల్లో నిద్రపోతుంది. నిరంతరం వెంటాడకూడదని చట్టమే చెబుతోంది. పెద్ద ప్రమాదం జరిగినప్పుడో, మనిషి బటన్ నొక్కినప్పుడో మాత్రమే మేలుకుని, అవసరమైన కొద్దిపాటి వివరాలతో 112కు కబురు పంపుతుంది. బండ్లు తమలో తాము మాట్లాడుకునే పద్ధతిలోనూ యజమాని పేరు, బండి నంబరు ప్రకటించకుండా, గుర్తును తరచూ మార్చేలా రూపొందించారు. మన తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ‘టీ-సేఫ్’ను చూడండి. ప్రయాణం మొదలుపెట్టేటప్పుడు స్త్రీ తానే కోరితే పోలీసులు ఆ ప్రయాణాన్ని గమనిస్తారు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళూ ఫోన్ చేసి వాడుకోవచ్చు. స్త్రీ కోరిక నుంచి మొదలవడం అందులోని మంచి సూత్రం. ఆ సూత్రమే అన్నిటికీ వర్తించాలి.

కాబట్టి మనం చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. సమాచార హక్కు చట్టం కింద ప్రతి జిల్లాలోనూ రవాణా శాఖను, పోలీసు శాఖను అడుగుదాం. ఎన్ని వాహనాలకు బటన్లు పెట్టారు, ఏడాదిలో ఎన్నిసార్లు నొక్కారు, ఎంతసేపట్లో మనిషి చేరాడు, ఎన్ని కేసులయ్యాయి? ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బటన్ నొక్కి, కంట్రోల్ రూమ్ పలికిందో లేదో చూడాలని పట్టుబడదాం. పరికరాల ఖర్చు ఆటో డ్రైవర్ల నెత్తిన వెయ్యకుండా నిర్భయ నిధి నుంచి భరించాలి. పొట్టకూటికి బండి నడిపే మనిషిని మన భద్రతకు శత్రువుగా నిలబెట్టడం మనకు అక్కరలేదు. ప్రయాణ వివరాలను ఎన్ని రోజులు ఉంచుతారో, ఎవరు తెరిచారో రాసిపెట్టాలి, గడువు దాటగానే చెరిపెయ్యాలి. రవాణా శాఖ వేసే కమిటీల్లో మహిళా సంఘాలకు చోటు ఉండాలి.

కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవాళ్ళకు ఒక మాట. ఇల్లు విడిచి వచ్చిన మనిషిని ఇకముందు మరో మూడు విషయాలు అడగండి. బండి ఆర్సీ ఎవరి పేరున ఉంది? ఫాస్టాగ్ ఏ నంబరుకు ముడిపడి ఉంది? బండి యాప్ ఎవరి ఫోనులో ఉంది? తెలిశాక కూడా కంగారుపడి వెంటనే అన్నీ తెంచెయ్యొద్దు. ట్రాకింగ్ ఒక్కసారిగా ఆగిపోతే అవతలివాడికి అనుమానం వస్తుంది, దాడి ముందుకు జరగవచ్చు. ముందు ఆ మనిషికి సురక్షితమైన చోటు చూపించి, సాక్ష్యం కోసం మెసేజ్‌లు, స్క్రీన్ ఫోటోలు భద్రపరిచి, ఆ తర్వాతే తెంచాలి. ఆశ్రయ గృహం వాకిటి దాకా ఆ బండి మీద రానివ్వకపోవడమే మేలు.

కదలడం మన హక్కు. ఎవరూ చూడకుండా కదలడమూ, పిలిస్తే ఎవరైనా పలికేలా కదలడమూ అందులో భాగాలే. ఇప్పుడు వేస్తున్న ఈ కనిపించని తీగలు మన ఇష్టానుసారం మోగాలంటే, అవి వేస్తున్నప్పుడే మనం అక్కడ ఉండాలి. వచ్చే జిల్లా రోడ్డు భద్రతా సమావేశం ఎప్పుడో కనుక్కుని, పై ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్దాం.